ఉత్తరం చివర ఉన్న తేదీ

మాదాపూర్ వెంకటనారాయణకు అరబ్బీ వచ్చునంటే కొత్తవాళ్లు నమ్మేవారు కాదు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివి, తాలూకా కచేరీలో పాత దస్తావేజులకు నకళ్లు రాసి రిటైరైన మనిషి. అరబ్బీ మాత్రం యాభై దాటాక, కొత్తగూడ మౌల్వీ సిరాజుద్దీన్ దగ్గర నేర్చుకున్నాడు.

ఇస్లాం తొలినాళ్లలో ఖలీఫాలు, సేనానులు రాసిన ఉత్తరాలను మౌల్వీసాబ్ పోగుచేస్తున్నాడు. చాలావాటికి తర్వాతి కాలపు గ్రంథాల్లోని నకళ్లే దిక్కు. ఒక్కో ఉత్తరం ఎన్ని చోట్ల ఉందో వెతికి, ఎక్కడ ఏ మాట మారిందో రాయాలి. పధ్నాలుగేళ్లు ఇద్దరూ అదే పనిలో ఉన్నారు. చివరి మూడేళ్లు ముసలాయనకు చూపు పోవడంతో వెంకటనారాయణే చదివి వినిపించేవాడు.

వాటిలో ఒకటంటే మౌల్వీసాబ్‌కు ప్రాణం. లొంగిపోయిన ఒక ఊరి రైతులకు సేనాని రాసిచ్చిన అభయపత్రం అది. మీ ఇళ్ల జోలికి, బావుల జోలికి ఎవరూ రారని అందులో ఉంది. పుస్తకంలో మొదట అదే రావాలని ఆయన కోరిక. కానీ దొరికిన నకలు చివర చిరిగి ఉంది. తొంభై ఎనిమిది వేసవిలో లక్నో స్నేహితుడొకడు పూర్తి నకలు పంపాడు.

వెంకటనారాయణ చదువుతూ చదువుతూ చివరి పంక్తి దగ్గర ఆగాడు. బయట రోడ్డు కోసం బండలు పేలుస్తున్నారు.

“ఏమైంది? చదువు.”

చదవకుండా వదిలేయవచ్చు. ఆయనకు తెలిసే దారి లేదు.

“తేదీ ఉంది మౌల్వీసాబ్. హిజ్రీ పదమూడు అని రాసిండ్రు.”

హిజ్రీ లెక్క మొదలైందే ఆ తర్వాత మూడు నాలుగేళ్లకు. ఆ సంగతి మౌల్వీసాబే నేర్పాడు. అంటే ఆ ఉత్తరమే తర్వాతెవరో పుట్టించింది కావచ్చు.

“మళ్లొకసారి చదువు,” అన్నాడు ముసలాయన. విన్నాడు.

“నకలు రాసినోడు తేదీ తర్వాత చేర్చిండేమో.”

“నన్ను ఊరడించనీకి అంటున్నవు. అనుమానం ఉన్నవాటిల్ల పెట్టు దాన్ని.”

ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. తొమ్మిదో రోజున పోయాడు. డెబ్బై ఎనిమిదేళ్ల వయసు, ఆయాసం ఎప్పటినుంచో ఉంది. అయినా ఆ పంక్తి చదివినందుకే పోయాడని వెంకటనారాయణకు అనిపించింది.

“చెప్పకుంటే ఏం పోయేది? నవ్వుకుంట పోయేటోడు కదా,” అంది భార్య కిష్టమ్మ.

మరుసటి ఏడు మౌల్వీసాబ్ కొడుకు అజీజ్ పుస్తకం అచ్చువేయించాడు. అభయపత్రం మొదటి పేజీలోనే ఉంది. చివరి పంక్తి లేదు. ముందుమాటలో వెంకటనారాయణకు కృతజ్ఞతలు ఉన్నాయి.

“గా పంక్తి ఎందుకు తీసినవు అజీజ్?”

“అబ్బాకు పానం కదా చాచా, గా ఉత్తరం. ఆయన పుస్తకం మీద మరక ఎందుకు?”

“ఆయన మాటే అది. పక్కన పెట్టుమన్నడు.”

“మీరొక్కరే విన్నరు.”

అజీజ్ కోపంగా అనలేదు.

పుస్తకం చేరిన గ్రంథాలయాల పేర్లు వెంకటనారాయణ కనుక్కుని, పదకొండింటికి ఆ తేదీ సంగతి ఉర్దూలో రాసి పంపాడు. రెండు చోట్ల నుంచి అందినట్టు కార్డులొచ్చాయి. సంగతి గురించి ఎవరూ అడగలేదు.

రంజాన్‌కు ఎప్పటిలాగే కొత్తగూడ వెళ్లాడు. అజీజ్ కుర్చీ వేశాడు, షీర్ ఖుర్మా పెట్టాడు. గిన్నె ఖాళీ అయ్యాక వెంకటనారాయణ లేచి వచ్చేశాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.