బ్లీచులో విడిపోయిన గుబురు

మా పిన్నిది మ్యూజియంలో శవాలు కడిగే ఉద్యోగమని మామయ్య వెక్కిరించేవాడు. నిజానికి ఆమె కడిగేది బ్రయోజోవన్లనే సముద్రజీవుల గూళ్ళు. చూడ్డానికి అచ్చం నాచే. కానీ కంటికి ఆనని ప్రాణులు వేలకొద్దీ ఒకదాన్నొకటి ఆనుకుని, తలా ఒక సున్నపు గది కట్టుకుని అందులో కాపురముంటాయి. చచ్చాక బ్లీచులో నానబెడితే ఒళ్ళు కరిగిపోయి, గదులు మాత్రం తెల్లగా మిగులుతాయి. ఆ పనిలో పిన్నిది తిరుగులేని చెయ్యి.

బాబాయి ఓడల అడుగున పేరుకున్నవాటిని గీకే డైవరు. ఒకసారి అలాంటి గుబురొకటి తెచ్చి పిన్నికిచ్చాడు. కొద్దిరోజులకే గుండె ఆగి పోయాడు. దాన్ని వంటింటి కిటికీలో పెట్టుకున్నారు. ఇంట్లో మిగిలింది పిన్నీ, బాబాయి తల్లీ; ఆ అత్తాకోడళ్ళది ఉప్పూ నిప్పూ వరస. అయినా పొద్దున్నే టీ గ్లాసులతో ఇద్దరూ దాని ముందే కూర్చునేవారు.

పిన్ని ఆడపడుచు రోజూ తల్లికి ఫోను చేసేది. "అన్నయ్యే లేడు, ఇంకా అక్కడ నీకెవరున్నారమ్మా? మా ఇంటికి వచ్చెయ్." ముసలావిడ ఆదివారం చెబుతానంది. పిన్ని పైకి "వెళ్తే పీడా పోయె" అంది గానీ, ఒంటరి ఇల్లు తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగలేదు.

ఈలోపు దుమ్ముపట్టిన ఆ గుబురును తళతళలాడించి అత్తగారి ముందు పెట్టాలని మ్యూజియానికి పట్టుకెళ్ళింది. కొన్ని జాతుల కొమ్మలకు కీళ్ళుంటాయి. ఆ కీళ్ళు సున్నం కాదు, మెత్తటి గొట్టాలు. బ్లీచు వాటినీ తినేస్తుంది. అలాంటివాటిని ముంచకూడదని కొత్తవాళ్ళకు నేర్పేదే పిన్ని. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అనలేదు. గుబురును బ్లీచులో ముంచి జల్లెడ పైకెత్తేసరికి అందులో తెల్లటి నూక మిగిలింది.

శనివారం సాయంత్రం దాన్ని సీసాలో పోసి తెచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"మళ్ళీ అతకదా?" అంది ముసలావిడ.

"అతకదత్తయ్యా. కీళ్ళన్నీ కరిగిపోయాయి," అంటూ పిన్ని గోడకు జారబడి భోరుమంది. బాబాయి పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు.

"చేతులారా చేసుకున్నావు కదే, మొద్దూ!" అని ముసలావిడ కసిరింది. కసురుతూనే పక్కన చతికిలబడి, కోడలి ముఖాన్ని తన అరచేతులతో తుడిచింది.

రోజూ వచ్చే వేళకే ఫోను మోగింది. "ఏం ఆలోచించావమ్మా?" అంది కూతురు.

"ఇప్పుడెక్కడొస్తానే!" అంది ముసలావిడ. "ఇక్కడ మా పిల్ల ఏడుస్తోంది."