ఖాళీ బెంచీలకు పాఠం

మా వైపు ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం కావాలంటే డెమో ఇవ్వాలి. పిల్లలు లేని తరగతి గదిలో, ఖాళీ బెంచీల ముందు నిలబడి పాఠం చెప్పాలి. ప్రిన్సిపాల్ చివరి బెంచీలో కూర్చుని వింటారు. తొంభైల చివర్లో నా ఇంటర్వ్యూ కూడా అదే. రాయడానికి చప్పుడు అక్కర్లేదు కాబట్టి, ఇంట్లో అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను.

అప్పుడు మా పాపకు పది నెలలు. పటమటలో మేడమీద ఒక్క గదిలో ఉండేవాళ్ళం. ఉండేవాళ్ళం అంటున్నాను గానీ, ఉండేది నేనూ పాపే. మా ఆయన హనుమాన్ జంక్షన్‌లో చేపల మేత అమ్మే కొట్టులో పనిచేస్తూ, అక్కడే పడుకుని, ఆదివారాలు వచ్చేవారు. పాపది కోడినిద్ర. గిన్నె మీద మూత పెట్టినా లేచేది, లేస్తే ఇక చంక దిగేది కాదు. అందుకని మూత కింద గుడ్డ వేసేదాన్ని. రేడియో తీసి అటకమీద పడేశాను.

ఉద్యోగం జీతం కోసమనే ఆయన అనుకున్నారు. నాకు మాత్రం, తిరిగి జవాబు చెప్పే మనుషులతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే చాలనిపించేది. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

"ఫస్టు క్లాసులో పాసైనదానివి, నీకు భయమేంటే?" అని ఆయన బస్సెక్కారు.

వారమంతా పాప పడుకున్నప్పుడల్లా గోడవైపు తిరిగి కిరణజన్య సంయోగక్రియ చెప్పుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆకు బొమ్మ వేయాలో, అన్నీ గుసగుసగానే. శుక్రవారం గంజి పెట్టిన చీర కట్టుకుని, పాపను కింద ఇంటివాళ్ళావిడకు అప్పగించి వెళ్ళాను.

బొమ్మ బాగా వచ్చింది. ఒక్క మాటా తడబడలేదు. కాసేపటికి చివరి బెంచీలోంచి ప్రిన్సిపాల్ గారు చెయ్యెత్తారు.

"ఏమ్మా, మొదలుపెట్టారా?"

"చెప్తున్నానండీ."

"పెదాలు కదుల్తున్నాయి గానీ ఒక్క ముక్క వినపడట్లేదు. ఫ్యాను ఆపమంటారా?"

ఆవిడే లేచి ఫ్యాను ఆపారు. గట్టిగా చెబుదామని నోరు తెరిచాను. గొంతు పైకి రాలేదు. జలుబు కాదు, సిగ్గు కాదు. ఎంత లాగినా అదే గుసగుస.

"సబ్జెక్టు వచ్చని బొమ్మ చూస్తేనే తెలుస్తోంది. కానీ క్లాసు నిండా పిల్లలుంటే ఈ గొంతుతో నెగ్గుకురాలేరు. సోమవారం ఇంకోసారి రండి. అప్పుడూ ఇంతే అయితే వేరేవాళ్ళని చూసుకుంటాం" అన్నారు.

ఆ మధ్యాహ్నం, లేస్తే లేవనీ అని, నిద్రపోతున్న పాపవైపు తిరిగి, "పిల్లలూ!" అని పిలిచాను. గది మారుమోగింది. పాప ఉలిక్కిపడి లేచి, కొత్తమనిషిని చూసినట్టు నన్ను చూసి బెదిరిపోయింది. అమ్మ గొంతు అదని దానికెలా తెలుస్తుంది? ఎప్పుడు విందని? ఎత్తుకున్నాను గానీ పాఠం ఆపలేదు. అది ఏడ్చినకొద్దీ నేనూ గొంతు పెంచాను.

ఇంటివాళ్ళావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఎవరొచ్చారమ్మాయ్? ఏదో పోట్లాటనుకున్నా!"

"ఎవరూ రాలేదు పిన్నిగారూ. నేనే."

"నువ్వా! నీకింత గొంతుందా తల్లీ? ఇన్నాళ్ళూ నువ్వేదన్నా అంటే నా చెవులే పోయాయనుకున్నా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ దిగి వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది.

ఆదివారానికి పాప ఆ గొంతు విని ఏడవడం మానేసింది.

సోమవారం ఆకు బొమ్మ వేసి ఇటు తిరిగాను. "ఎండ లేకపోతే ఆకేం చేస్తుంది? చివరి బెంచీ, నువ్వు చెప్పు!" అన్నాను. అన్నాక గానీ ఆ బెంచీలో ఉన్నదెవరో గుర్తు రాలేదు. ప్రిన్సిపాల్ గారు ఒక్క క్షణం నావైపు చూసి, లేచి నిలబడ్డారు.

"ఆహారం తయారుచేసుకోలేదు టీచర్" అన్నారు. తర్వాత నవ్వి, "చాలమ్మా. జూన్‌లో చేరండి" అన్నారు.

పాఠం ఇంకా సగంలోనే ఉంది. సుద్దముక్క కింద పెట్టబుద్ధి కాలేదు.

"మిగతాది కూడా చెప్తానండీ, కాస్త వినండి" అన్నాను.

ఆవిడ వాచీ చూసుకుని, మళ్ళీ కూర్చున్నారు.