పసుపు మూలల కవరు

ఆలూరు బజారులో కేశవయ్య కిరాణా అంగడి, దాని వెనకనే ఇల్లు. ఆ ఇంట్లో కాగితం ముక్క కూడా ఊరికే పోదు. కేశవయ్య భార్య సుందరలక్ష్మికి యాభై నాలుగేళ్లు. పెళ్లిపత్రికలు, క్యాలెండర్ అట్టలు, అగరుబత్తి పెట్టెలు కత్తిరించి పూలు, బుట్టలు, మూతలున్న చిన్న చిన్న పెట్టెలు చేస్తుంది. ఎందుకు చేస్తావంటే చెప్పలేదు గానీ, రెండు రోజులు చేయకుండా ఉంటే ఇంట్లో అందరి మీదా విసుక్కుంటుంది. మొగుడు ఆమెను ‘కాగితాల కంపెనీ’ అని ఎగతాళి చేస్తాడు. చేయనీ. అంగడిలో కందిపప్పు ఎక్కడుందో ఆయనకే తెలియదు. ఈమెను గోరంత బంగారు కాగితం అడిగినా చిటికెలో తీసిస్తుంది.

పద్ధతంటే అట్లాంటి పద్ధతి. అంగడిలో ఖాళీ అయిన బిస్కెట్ డబ్బాలు పదహారు, రంగుకొకటి. కత్తెరలు తగిలించడానికి గోడకు వరసగా మేకులు. ఏ డబ్బా నిండినా అది సగమయ్యేదాకా ఆ రంగు కాగితం మళ్లీ ఇంట్లోకి రానివ్వదు. బుర్ర పనిచేయని రోజున కళ్లు మూసుకుని ఒక డబ్బాలో చెయ్యి పెడుతుంది. ఏది తగిలితే దానితోనే ఏదో ఒకటి చేయాలి, వంక పెట్టకూడదు. కుదిరిన మడతనల్లా పాత డైరీలో అంటించి పెట్టుకుంటుంది. పత్రికల మీది దేవుళ్ల బొమ్మలు మాత్రం వాడదు. వాటిని విడిగా దాచి, ఎవరైనా శ్రీశైలం పోతుంటే కృష్ణలో కలపమని ఇచ్చి పంపుతుంది.

అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటుంది. ఇంటికొచ్చిన పెళ్లిపత్రిక ముందు దేవుడి గూట్లో ఉండాలి; పక్క అరలోకి మారిందంటే ఇక ఆమెది. నాలుగు మూలలా పసుపున్న కవరు ఆ అరలో కనిపిస్తే అది పత్రికే. ఇరవై ఏళ్లుగా ఆ నియమం ఆమెను ఒక్కసారీ మోసం చేయలేదు. ఈ కార్తీకంలో చేసింది.

శనివారం సాయంత్రం కోడలు హరిత పత్తికొండలోని పుట్టింటి నుంచి ఫోను చేసింది. రెండుసార్లు తప్పి, మూడోసారి రాసిన డీఎస్సీలో టీచరు ఉద్యోగానికి ఎంపికైంది ఆ పిల్ల.

“అత్తమ్మా, రేపు మధ్యాహ్నం బస్సుకు వస్తాండా. సోమవారం కర్నూల్లో సర్టిఫికెట్లు చూస్తారంట. అన్నీ నా ఫైల్లోనే ఉండాయి, డిగ్రీ పట్టా ఒక్కటి అవ్వ దగ్గరుండాది. తీసి పెట్టండి. ఒరిజినల్ లేకుంటే లోపలికే రానీరంట.”

అవ్వంటే సుందరలక్ష్మి అత్త ఉరుకుందమ్మ. ఎనభై దాటిన మనిషి. నడవాలో మంచం మీద కూర్చుని వత్తులు చేస్తోంది.

“అత్తా, హరిత పట్టా యాడ పెట్టినావు?”

“దసరాకు సరస్వతి కాడ పెట్టి పూజ చేసినా కదమ్మే. కవరుకు నాలుగు మూలలా పసుపు రాసి, పండగైనాంక పక్క అరలో పెట్టినా. ఆడనే ఉంటాది సూడు.”

సుందరలక్ష్మి చూడలేదు. చూడనవసరం లేదు. ఆ అరను గురువారం ఖాళీ చేసింది తనే. వాసవమ్మ గుడి ఆడవాళ్లకు దీపాల పూజ కోసం రెండు వందల కుంకుమ పెట్టెలు చేసిస్తానని గొప్పగా మాటిచ్చింది. అన్ని అట్టలు కత్తిరించడానికి చేతులు చాలక, అరలోనివన్నీ కట్టగట్టి నెహెమ్యా ప్రెస్సుకు పంపింది. ప్రెస్సులో కటింగ్ మిషనుంది. దాని కత్తి దిగితే వంద అట్టలు ఒక్క దెబ్బకు తెగుతాయి. ఎప్పుడూ ఒక్కో కవరూ విప్పి చూసి పంపే మనిషి, ఈసారి పైనున్న నాలుగు చూసి, మిగతావి విప్పనైనా విప్పలేదు.

నెహెమ్యాకు ఫోను చేసింది. స్విచ్చాఫ్. శనివారం పొద్దుగూకితే అతను ప్రార్థన కూటానికి పోతాడు, ఆదివారం ప్రెస్సు తీయడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

ఒకవేళ కట్టలో పోలేదేమోనని పదహారు డబ్బాలూ నేల మీద బోర్లించి వెతికింది. డబ్బాలు బోర్లించడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. “ఏమే, కంపెనీ లేచిపోయిందా?” అని కేశవయ్య నవ్వాడు. ఆమె ఇంకో డబ్బా బోర్లించింది. ఆయనకు చెబితే డబ్బాలన్నీ బజారున పడేస్తాడు. పడేయనీ, దానికి భయపడలేదు ఆమె. మూడేళ్లు తెల్లవారుజామున వంటింట్లో స్టవ్వు పక్కన నిలబడి, కూర్చుంటే నిద్రొస్తుందని నిలబడే చదివిన పిల్ల ముఖం ఎట్లా చూడాలన్నదే భయం. పసుపు రాసింది ముసలామె కదా, ఆమె మీదికి తోసేస్తే? ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. వచ్చిందన్నది మాత్రం నిజం.

ఆదివారం పొద్దున్నే గుడికని చెప్పి చర్చికి పోయింది. లోపల పాటలు సాగుతున్నాయి. గేటు పక్కన గోడ నీడలో నిలబడి, పాట అయిపోయిందనుకున్నప్పుడల్లా కొంగు సర్దుకుంది. మళ్లీ ఇంకో పాట ఎత్తుకునేవారు. అంగడికొచ్చే ఆడమనిషి ఒకామె ఆలస్యంగా వస్తూ, “ఏం శెట్టెమ్మా, మా కాడికి వచ్చేసినావు?” అని నవ్వింది. సుందరలక్ష్మికి నవ్వు రాలేదు. పదకొండు దాటాక నెహెమ్యా బయటికొచ్చాడు.

“నెహెమ్యా, నా కట్ట కోసినావా అప్పా?”

“శుక్రవారమే కోసేసినా కదమ్మా. మీ పని ఎప్పుడన్నా ఆపినానా?”

సంతోషపడుతుందనుకున్నాడు పాపం. ఆమె మెట్టు మీద కూలబడింది.

సంగతి విని అతనూ బెదిరిపోయాడు. ఇంటికి కూడా పోకుండా వచ్చి ప్రెస్సు తెరిచాడు. కోసిన ముక్కలు పురికొసతో కట్టి వరసగా పేర్చి ఉన్నాయి. ఎప్పటిలాగే శుభ్రంగా కోశాడు. కట్టలు విప్పి ఒక్కో ముక్కా తిరగేసింది. పట్టాలాంటి మీగడ రంగు మందపాటి ముక్క కనబడితే చాలు, లాక్కుని వెలుతురుకు పట్టేది. తిప్పితే ఎవరిదో శుభముహూర్తం, ఎవరివో బంధుమిత్రుల అభినందనలు. ఇంకా సగం కట్టలు మిగిలి ఉన్నాయి. ఆ మిగిలినవాటిలో ఉంటుందన్న భయంతో చేతులు ముందుకు సాగడం మానేశాయి.

గోనెసంచిలో అంచుముక్కలు వెతుకుతున్న నెహెమ్యా ఉన్నట్టుండి తలెత్తాడు. “ఆ కవరు ఎంత పెద్దదమ్మా?”

ఆమె రెండు చేతులతో కొలత చూపించింది. అతను మిషను వెనక్కి పోయి, సిరా డబ్బాలు పక్కకు జరిపి, కిందినుంచి ఒక కవరు లాగాడు. మూలల్లో పసుపు. మధ్యలో డబ్బా అడుగు ముద్ర, నల్లగా గుండ్రంగా. “ఇదొక్కటి కొలతకు రాలేదని పక్కన పెట్టినా. రేపు మధ్యకు కోసి మీ దాంట్లో కలుపుదామనుకుంటి.”

లోపల పట్టా చెక్కుచెదరకుండా ఉంది. సుందరలక్ష్మి ఏడ్చింది. తలుపు తీసి ఉంది, బజారు చూస్తుందన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.

ఇంటికొచ్చి, కవరు మార్చి, కొత్తదాని మూలలకు పసుపు రాసి అదే అరలో పెట్టింది. ఎవరికీ తెలియదు. నెహెమ్యా చెప్పే మనిషి కాడు. అయినా వంటింట్లో కూర్చుని పప్పు మెదుపుతుంటే భయం దిగలేదు. పట్టా దొరికింది, ఇంకెందుకీ దడ? రేపు ఆ అరలో ఇంకేదో కాగితం ఎవరో పెడతారు, చూడకుండా మళ్లీ తనే కట్టగడుతుంది. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. లేచి కవరు తీసుకుంది.

హరిత చెప్పులు విప్పుతుండగానే చెప్పేసింది. “నీ పట్టా ప్రెస్సుకు పోయింది హరితా. నేనే పంపిస్తి, చూడకుండా. రేపు కోసేవాడు. ఇందాకనే పోయి తెచ్చినా. అవ్వది తప్పేం లేదు.”

హరిత అరవలేదు. పట్టా తీసి ఒక పక్కంతా చదివింది, తిప్పి చూసింది, మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత తన ఫైలు తెచ్చి ఉన్నవన్నీ లెక్కపెట్టుకుని, పట్టా లోపల పెట్టింది. అంగడిలోకి పోయి మామ దగ్గర ఒక చిన్న తాళం తీసుకొచ్చింది. ఫైలు సూట్‌కేసులో పెట్టి ఆ తాళం వేసింది. పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది.

తాళానికి రెండు చెవులుంటాయి. ఇంట్లో పెట్టెకైనా బీరువాకైనా రెండో చెవి సుందరలక్ష్మి దగ్గరుండటం వాడుక. ఆమె తెలియకుండానే చెయ్యి కొంచెం ముందుకు చాపింది.

హరిత రెండు చెవులూ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది. “అన్నం పెట్టండి అత్తమ్మా, శానా ఆకలైతాంది” అంది, ఎప్పటి గొంతుతోనే.

సుందరలక్ష్మి కంచం పెట్టి వడ్డించింది. రెండో చెవి అడగాలని లేదు ఆమెకు. ఇస్తానన్నా ఇప్పుడు తీసుకోవడానికి భయమే.