లిస్బన్‌లో దిగిన కాకి

పదో తరగతి లెక్కల పేపరు నన్ను మూడుసార్లు చూసింది. మూడోసారి నన్ను గుర్తుపట్టి నవ్విందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. లోకంలో అంతకంటే భయపెట్టేది ఇంకోటి ఉంటుందని అనిపించక, దయ్యాల జోలికి, ఆత్మల జోలికి నేనెప్పుడూ పోలేదు. ఎవరైనా అలాంటివి చెబితే పూర్తిగా వినేవాణ్ణి, విన్నాక ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నా కళ్ళతో చూశాను. దీన్ని ఎగతాళి చేయడం నాకు చేతకావడం లేదు.

మేముండేది న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. మా ఆవిడ సరళ సాఫ్ట్‌వేర్. నేను ఒక కేటరింగ్ కిచెన్‌లో వంట చేస్తాను. ఇద్దరి చదువూ కలిపి సగం చేస్తే ఇంటర్ దాకా వస్తుంది. సరళ వాళ్ళ అక్క విజయ మా పక్క బిల్డింగ్‌లోనే ఉండేది. నాకు వదిన.

వదినకి నా పెరుగన్నం ప్రాణం. అయితే అందులోని కరివేపాకు ఒక్కో ఆకూ ఏరి, కంచం అంచున ఎడంపక్క వరసగా పేర్చి, అప్పుడు మొదలుపెట్టేది. నా పోపును అంత మర్యాదగా అవమానించినవాళ్ళు ప్లెయిన్స్‌బరోలో ఇంకెవరూ లేరు. కనిపించినప్పుడల్లా, "ఏం మరిదీ, టెన్త్ ఎప్పుడు పాసవుతావయ్యా?" అనేది. పెద్దవాళ్ళు కూడా రాసి స్కూల్ చదువు పూర్తిచేసుకునే పరీక్ష ఒకటి ఇక్కడుంది. దానికి పుస్తకం కూడా కొనిచ్చింది. "నేను పాసైపోతే మీకు మాట్లాడ్డానికి టాపిక్ ఏముంటుంది వదినా?" అని తప్పించుకునేవాణ్ణి.

మొన్న చలికాలంలో ఆవిడ పోయింది. జబ్బు బయటపడేసరికే ఆలస్యమైంది.

పదో రోజు పొద్దున మా అపార్ట్‌మెంట్ల వెనక చెట్ల కింద విస్తరి వేసి, ఆవిడకి ఇష్టమైనవన్నీ పెట్టాం. పోయినవాళ్ళకి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు కదా. ఎదుటి చెట్టు మీద కాకులున్నాయి. దిగలేదు. వాళ్ళ పాపని బాగా చదివిస్తానని వదిన భర్త మాటిచ్చాడు. దిగలేదు. "స్ప్రింగ్‌లో ఇద్దరం లిస్బన్ వెళ్దామనుకున్నాం కదక్కా, నీ తరఫున నేను చూసొస్తాను" అని సరళ ఏడ్చింది. అయినా దిగలేదు. చివరికి ఎక్కణ్ణుంచో ఉడతొకటి వచ్చి గారె ఎత్తుకుపోయింది. "ఇక్కడి కాకులకి ఇవన్నీ అలవాటు లేదమ్మా" అని పంతులుగారు సర్దిచెప్పి, విస్తరిలోది నీళ్ళలో కలిపించారు.

సరళ మాత్రం సర్దుకోలేదు. "అక్కకి ఇంకా ఏదో ఉంది. నాకు చెప్పకుండానే పోయింది." లేస్తే అదే మాట, పడుకుంటే అదే మాట. ముందు పెరుగన్నం మానేసింది, తర్వాత అన్నమే మానేసింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. మనిషి నా కళ్ళముందే సగమైపోతుంటే, నా దగ్గరున్న జోకులు ఒక్కటీ పనిచేయలేదు. కనీసం అక్కకిచ్చిన మాటైనా నిలబడుతుందని, ఏప్రిల్‌లో ఒక వీకెండ్‌కి లిస్బన్ టికెట్లు బుక్ చేశాను.

ఊరు బావుంది. కొండలెక్కే పసుపుపచ్చ ట్రాములు, కాళ్ళ కింద తెల్లటి రాళ్ళు, ఏ సందు చివర చూసినా నది. సరళ మాత్రం అప్పగించిన పని చేస్తున్నట్టు చూసింది. "అక్కా, ఇదిగో ట్రామ్" అని గొణుక్కుంటూ నడిచింది. ఓడ మీద రెండు కాకులు, అదీ ఆ ఊరి ముద్ర. దీపస్తంభాల మీద కూడా ఉంది. బొమ్మలో తప్ప ఎక్కడా కాకి కనబడలేదు. ఎటు చూసినా పావురాలు, సముద్రపక్షులు.

ఆదివారం పొద్దున, మేము అద్దెకు తీసుకున్న గదిలో పెరుగన్నం కలిపాను. ఎక్కడికెళ్ళినా వేయించిన పోపు డబ్బాలో పెట్టుకుపోవడం నాకు అలవాటు. సరళ కొంచెం కంచంలో పెట్టి, బాల్కనీ గోడ మీద ఉంచి నిలబడింది. ఎందుకో నాకు తెలుసు. నవ్వలేదు. ఎండ బాగా కాస్తోంది. చాలాసేపు చూశాం. ఏదీ రాలేదు.

ఆమె లోపలికి తిరిగింది. ఆ మొహం చూడలేక, ఎలాగైనా నవ్విద్దామని ఆకాశంకేసి చేతులు జోడించి అన్నాను: "సరే వదినా, టెన్త్ పాసవుతాను. ఒట్టు. ఇక దిగండి."

కాకి గోడ మీద వాలింది.

ఎటునుంచి వచ్చిందో ఇద్దరం చూడలేదు. వాలగానే తినలేదు. ముక్కుతో ఒక కరివేపాకు తీసి కంచం అంచున, ఎడంపక్క పెట్టింది. దాని పక్కన ఇంకోటి. ఆకులన్నీ ఏరి వరసగా పెట్టాక అప్పుడు అన్నం ముట్టింది. సరళ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ళ గుర్తులు తిరిగి న్యూఆర్క్ ఎయిర్‌పోర్టులో దిగేదాకా ఉన్నాయి.

ఫోటో తీయలేదా అని అడుగుతారు. జోడించిన చేతులు విడదీయాలని తోచలేదు. మాకు గది అద్దెకిచ్చినావిడ అక్కడే పుట్టి పెరిగిన ముసలావిడ. ఈ వీధిలో కాకిని చూసి ఏళ్ళయిందని, మీరు వేరే ఏదో పిట్టని చూసుంటారని అంది.

గిన్నెలో మిగిలిన పెరుగన్నం సరళ మొత్తం తినేసింది. గిన్నె కూడా తనే కడిగింది.

వేయించిన ఆకు కాకులకి గిట్టదేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక అదే పోపుతో పెరుగన్నం కలిపి, ఆ చెట్ల కిందే పెట్టి చూశాను. ఇక్కడి కాకులు ఆకులతో సహా మింగి ఎగిరిపోయాయి. ఇంతకుమించి ఆలోచించడానికి నా దగ్గర చదువు లేదు. చదువున్నవాళ్ళని అడిగాను, వాళ్ళూ తేల్చలేకపోయారు.

మొన్న మా ఇంటికి ఫ్రెండ్స్ వస్తే ఇదంతా చెప్పి, "కాకతాళీయం అయ్యుండొచ్చులెండి, ఎవరికి తెలుసు?" అన్నాను. సరళ కంచంలో పెరుగన్నం కలుపుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది:

"కాకి దాని పని అది చేసిందండీ. ఇక మీరు పుస్తకం తీయండి."