నడుస్తున్న బండిని ఆపమన్న రోజు

తొంభైల నాటి ఆ రోజుల్లో మా బాన్సువాడలో డీజిల్ వాసన తగిలిన ప్రతివాడూ ఇంజనీరే. నేను ట్రాక్టర్ల స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుని రెండేళ్లు బోల్టులూ బేరింగులూ అమ్మాను తప్ప, ఒక్క ఇంజన్ విప్పిన పాపాన పోలేదు. అయినా చుట్టాలంతా నన్ను 'ఇంజనీరు' అనేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు (ఊరికే వచ్చిన బిరుదును ఎవరు వద్దంటారు?). ఆ బిరుదే ఒకరోజు నా మెడకు చుట్టుకుంది.

మా బావ కౌలు సేద్యం మానేసి, పాత డీజిల్ కారు కొని కిరాయికి తిప్పుదామనుకున్నాడు. కోటగిరిలో ఉండే బావ వాళ్ల కాక, అంటే చిన్నాన్న, నాకు మామ వరస, తన కారు అమ్ముతానన్నాడు. చూడటానికి వెళ్లే ముందురోజు అక్క నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, ఇగ మా బతుకంత గా బండి మీదనే. నువ్వు మంచిగున్నదంటెనే కొంటడు. జిమ్మెదారి నీది" అంది. పరుగున వెళ్లి, మా దుకాణానికి వచ్చే మెకానిక్ ఉస్తాద్‌ను పట్టుకున్నాను. "పొద్దుగాల్నే పోయి ముందుగాల బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగున్నదంటే నీకంటే ముందే స్టార్ట్ చేసిపెట్టిండని సమజ్ చేస్కో. ఇంజన్ నడుస్తుండంగ ఆయిలు మూత తీసి బోర్ల పెట్టు. ఎగిరిందా, ఇంజన్ పని అయిపోయినట్టే" అన్నాడాయన. ఎక్కాలు వల్లించినట్టు రాత్రంతా అదే వల్లించాను.

మర్నాడు తెల్లవారుతూనే కోటగిరి చేరాం. కారు కాలువ కట్ట మీదికెక్కే వాలులో, ముక్కు కిందికి పెట్టి నిలబడి ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. మామ ఎక్కి బ్రేకు వదలగానే కారు కిందికి జారి, చదునుకు వచ్చేసరికి దడదడమంటూ అందుకుంది (మా కోసం చదునుకు తెస్తున్నాడు, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను). కాస్త తెల్లపొగ వచ్చి ఆగింది. నల్లపొగ లేదు, నీలిపొగ లేదు. మూత బోర్లా పెడితే కదలనైనా లేదు. నేను చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ రెండుసార్లు తిరిగి "హూఁ" అన్నాను. ఆ హూఁ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అత్తమ్మ జొన్నరొట్టెలు, పప్పు పెట్టింది. బయట ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. డీజిలు అట్లా మండిపోతున్నా లెక్కచేయడే, ఎంత పెద్ద చెయ్యి ఈయనది అనుకుంటూ రెండో రొట్టె తుంచాను. అప్పుడు తట్టింది. ఆ కారు వాలులో జారితేనే అందుకుంది, తాళంచెవితో స్టార్ట్ కావడం నేను చూడనే లేదు. ఆపితే మళ్లీ లేవదనే ఆపడం లేదా ఈయన? రొట్టె గొంతులో అడ్డంపడింది. బావ చూస్తే హాయిగా పప్పు జుర్రుకుంటున్నాడు. అక్క అత్తింటి పెద్దమనిషి, పైగా ఆయన తిండి తింటూ ఆయన బండికి వంక పెట్టడమా? నోరు మూసుకుంటే రేపు అక్క ముఖం ఎట్లా చూసేది? ఇంతలో బావ చెయ్యి కడుక్కుని, జేబులోంచి బయానా, అంటే అడ్వాన్సు, కవరు తీసి, "ఏం ఇంజనీరూ, మంచిగున్నదా?" అన్నాడు.

"ఉన్నది బావా..." అన్నాను.

కవరు బావ చేతిలోనే ఉంది. "అంత సూసినవా?"

"మామా," అన్నాను, "ఒక్కపారి బంద్ చేసి, తాళంచెవితోని స్టార్ట్ చేసి సూపియ్యుండ్రి."

"నడిచే బండిని ఆపుమంటవేంది అల్లుడా? బేరం కాడ అపశకునం గాదా?" అన్నాడు మామ, నవ్వు లేకుండా. నేను తల ఎత్తకుండానే మళ్లీ "సూపియ్యుండ్రి" అన్నాను. ఆయన విసురుగా వెళ్లి ఇంజన్ ఆపాడు. తాళం తిప్పాడు. టిక్. మళ్లీ తిప్పాడు. టిక్. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. "స్టార్టర్ జర మొండికేస్తది, ఇంజన్ మాత్రం బంగారం" అని గొణిగి, చివరికి మామే "సరే, కొత్తది ఏపిచ్చే ఇస్త తియ్" అన్నాడు.

తిరుగు బస్సులో నేను బావ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "మీ కాక ముంగట నీ ఇజ్జత్ తీసిన బావా, ఏమనుకోకు." ఆయన పడీపడీ నవ్వాడు. "నాకెరుకనే. గా బండి ఎన్నడు సూసినా కట్ట మీదనే ఉంటది. గాయన సంకల పెరిగినోణ్ణి, నేనెట్లడుగుత? గందుకే గదా నిన్ను తోల్కపోయిన!" నవ్వు ఆపి, "గని రొట్టెలన్ని అయిపోయినా నువ్వు నోరు తెరువకపోతివి. నాకు గుండె ఆగినంత పనైందిరా" అన్నాడు.

కొత్త స్టార్టరుతో మా ఇంటికొచ్చిన ఆ కారు బావ సంసారాన్ని చాలా ఏళ్లు లాగింది. నా వయసు ఇప్పుడు ఆనాటి మామ వయసుకు దగ్గరపడింది. ఎవరైనా పాత బండి చూడమంటే ఇప్పటికీ వెళ్తాను. ఒక్క మాట అనడానికి అంతగా వణికిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, వయసుతోపాటు మొహమాటమూ పెరిగింది, ఇప్పుడైతే నేను ఆ మాట అననే అననేమో. మర్యాదగా చాయ్ తాగి, బండి బాగుందని చెప్పి వచ్చేస్తాను.