అమ్మ కాలి దారం

మాల్‌లో ఒకావిడ పిల్ల నడుముకు పట్టీ కట్టి నడిపిస్తోంది. ఖాళీ చేతులతో పక్కనే నడుస్తున్న ఆవిడ మొగుడు, “కుక్కపిల్లనుకున్నావా ఏంటి?” అని నవ్వాడు. నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు.

నరసాపురంలో మా అరుగు ఎదురుగానే పంటకాలువ. అమ్మ అరుగు మీద లేసు అల్లుకుంటూ, పేనిన దారం ఒక కొస నా చేతికీ ఇంకో కొస తన కాలి బొటనవేలికీ కట్టేది. అమ్మ తప్పిపోకుండా నేనే కట్టేసుకున్నానని నా నమ్మకం. మాటిమాటికీ లాగి చూసుకునేదాన్ని.

నలుగురు పిల్లల్ని కని ఒక్కరికీ ముక్కు తుడవని పెదనాన్న ఒకరోజు వచ్చాడు.

“పిల్లేమన్నా దూడేంటమ్మా, కట్టేశావు? స్వేచ్ఛగా పెరగాలి.”

“కాలువుందండీ బావగారూ.”

“నేను చూస్తాగా. కాస్త కాఫీ పెట్టు.”

ముడి విప్పేసి పేపరు తెరిచాడు. దారం లేదు కాబట్టి అమ్మ తప్పిపోయిందనుకుని, ఆమె బట్టలుతికే రేవులోకి వెతుక్కుంటూ దిగాను. కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చిన అమ్మ, నడుంలోతు నీళ్లలో నన్ను చూసి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది.

“తల్లికి ధ్యాసుండాలమ్మా,” అన్నాడు పెదనాన్న, అరుగు మీంచే. గ్లాసులో కాఫీ చుక్క ఒలకలేదు.

అమ్మ తడిచీరతోనే మళ్లీ ముడి వేసింది. ఆ సాయంత్రమంతా తనే దారం లాగి చూసుకుంటూ కూర్చుంది.