ఆరు నెలల రాజీ

ఎక్కడో రెండు దేశాల మధ్య కుదిరిన కాల్పుల విరమణ మూడోనాటికే చెదిరిపోయిందని మొన్న పొద్దున రేడియోలో చెబుతుంటే, ఒక్కడినే కాఫీ కలుపుకుంటున్న నాకు నవ్వొచ్చింది. నా చేతిమీదుగా కుదిరిన రాజీలన్నిటిలో ఒక్కరోజు కూడా తప్పకుండా నిలిచినది మా ఇంటిదొక్కటే.

పందొమ్మిది వందల యాభైల్లో నేను కదిరి వైపు నుంచి శాసనసభకు వెళ్లినవాణ్ణి. బావి తగాదా అయినా గట్టు తగాదా అయినా ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, పాము చావకుండా కర్ర విరగకుండా తేల్చేవాణ్ణి. "ఏమప్పా, ఇంతకీ నువ్వు మా పక్కనా, వాళ్ల పక్కనా?" అని అడిగి అడిగి విసిగిపోయి, రెండోసారి ఎన్నికల్లో రెండు పక్కలవాళ్లూ కలిసి నన్ను ఓడించారు. ఊరికి పనికిరాని ఆ గుణమే ఢిల్లీ పెద్దలకు నచ్చి, యుద్ధం ఆగిన ఒక పరాయి దేశంలో సంధి మాటలు జరిపే బృందంలో నన్ను వేసి ఓడ ఎక్కించారు. అక్కడ ఏళ్ల తరబడి బల్లకు నడుమ కూర్చుని, ఎవరి మాటకూ తల ఊపకుండా వినడం నేర్చుకున్నాను. ఇరుపక్షాలూ గౌరవించాయి గానీ, ఏ పక్షమూ ఒక్కపూట భోజనానికి పిలవలేదు.

ఒక కరువు ఏడు సెలవు మీద ఇంటికొచ్చేసరికి మా అమ్మకూ నా భార్యకూ మాటల్లేవు. మైలు దూరం నుంచి నీళ్లు మోసి మోసి సొమ్మసిల్లిన నా భార్య, నేను ఆ పని చాలించి తిరిగొచ్చేదాకా పామిడిలో పుట్టింట ఉంటానంది. కోడలు పుట్టింట కూర్చుంటే ఊరు నవ్వుతుందని అమ్మ. ఇద్దరిదీ న్యాయమేనన్నాను. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ అని తేల్చి లోలోపల మురిసిపోయాను కూడా. ఆమె నా ముఖంలోకి చూసి, "రాజీ ఎవురడిగినారు నిన్ను? నా పక్క ఒక్క మాట మాట్లాడమంటి, అంతే" అని, మరునాడే బస్సెక్కింది.

అరవైల్లో నేను ఆ పని చాలించి వచ్చేనాటికి అమ్మ లేదు, పెరటి బావిలో నీళ్లు పడ్డాయి, ఆ రాజీతో ఎవరికీ పనిలేదు. అయినా గడువు రాగానే ఆమె పెట్టె సర్దుకునేది. పోవద్దన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ముందు నోరు తెరిచిన పక్షం ఓడినట్టేనని ఎందరినో చూసి నేర్చుకున్నవాణ్ణి కదా. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇప్పటి దంపతులు పొద్దున అరుచుకుని సాయంత్రానికి కలిసి బజారుకు పోతారు, చూస్తే ముచ్చటేస్తుంది. మా కాలంలో మాటంటే మాటేనని మేం గొప్ప చెప్పుకుంటాం. ఒక్క ఏడాదైనా ఆమె మాట తప్పి ఉండిపోతుందేమోనని నేను బస్సు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. బస్సు కదిలేదాకా ఆమె కూడా నా వైపే చూసేది.